క్రాప్ సెన్సార్ కెమెరాకు 35 ఎంఎం లెన్సా? 50 ఎంఎం లెన్సా?.. డబ్బులు పెట్టే ముందు గదిని కొలవండి!

కిట్ లెన్స్‌తో కెమెరా కొన్నాక, కొన్ని నెలలకు చాలామంది వచ్చి ఆగే చోటు ఒకటే. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలి.. రాత్రి ఫంక్షన్లలో ఫొటో మచ్చలు మచ్చలుగా రాకూడదు.. బడ్జెట్ మాత్రం తక్కువ. ఎవరిని అడిగినా జవాబు కూడా ఒకటే వస్తుంది. "50 ఎంఎం ఎఫ్/1.8 ఉంది కదా, కళ్లు మూసుకుని కొనెయ్" అంటారు. తీరా కొని, బిగించి, ఇంట్లో పసుపు దంచే కార్యక్రమం షూట్ చేద్దామని నిలబడితే.. వీపు గోడకు ఆనుకున్నా సరే, ఎదురుగా రోలు చుట్టూ కూర్చున్న నలుగురు ముత్తైదువుల్లో ఇద్దరే ఫ్రేమ్‌లో పడతారు. ఇంకో అడుగు వెనక్కి వేద్దామంటే గోడ అడ్డం.

ఆ లెన్స్‌లో లోపం ఏమీ లేదు. ఆ సలహా పాతది, అంతే. 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాల రోజుల్లో 50 ఎంఎం మామూలు లెన్స్. చాలా కెమెరాలతో పాటే అది వచ్చేది. మరీ వెడల్పుగా కాదు, మరీ దగ్గరగా కాదు. ఆ మాట అప్పటికి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇప్పుడు చాలామంది చేతిలో ఉన్నది అంతకంటే చిన్న సెన్సార్ ఉన్న కెమెరా. సెన్సార్ చిన్నదైపోయింది.. సలహా మాత్రం అలాగే ఉండిపోయింది.

క్రాప్ సెన్సార్ అంటే ఏంటి? నంబర్లు ఎందుకు మారతాయి?

ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ సైజు 36 బై 24 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అని పిలిచే క్రాప్ సెన్సార్ నికాన్, సోనీ, ఫ్యూజీ కెమెరాల్లో దాదాపు 23.5 బై 15.6 మిల్లీమీటర్లు ఉంటుంది. కెనాన్‌లో ఇంకాస్త చిన్నది.. దాదాపు 22.3 బై 14.9. లెన్స్ వేసే బొమ్మ అదే. కాకపోతే ఈ చిన్న సెన్సార్ అందులో మధ్య ముక్కను మాత్రమే తీసుకుంటుంది. అందుకే దృశ్యం జూమ్ చేసినట్టు కనిపిస్తుంది. నికాన్, సోనీ, ఫ్యూజీల్లో 1.5 రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు లెక్క వేసుకోవాలి.

ఆ లెక్కన 50 ఎంఎం లెన్స్ నికాన్ మీద 75 ఎంఎం లాగా, కెనాన్ మీద 80 ఎంఎం లాగా చూస్తుంది. అంటే అది పోర్ట్రెయిట్ లెన్స్ అయిపోయినట్టే. పాతవాళ్లు చెప్పే 'మామూలు లెన్స్' క్రాప్ కెమెరాలో కావాలంటే కొనాల్సింది 35 ఎంఎం. అది నికాన్‌లో దాదాపు 52, కెనాన్‌లో 56 ఎంఎం చూపు ఇస్తుంది. 24 ఎంఎం అయితే 36 నుంచి 38 చూపు. బాక్సు మీద ఎప్పుడూ అసలు నంబరే ఉంటుంది. ఏపీఎస్-సీ కోసమే తయారైన లెన్స్ మీద కూడా అంతే. "ఇది క్రాప్ లెన్సే కదా, దీనికి లెక్క అక్కర్లేదు" అని కౌంటర్ దగ్గర ఎవరైనా చెబితే నమ్మొద్దు.

గది ఎంత ఉంది? ముందు ఇది తేల్చుకోవాలి

ఇక అసలు విషయం. ప్రైమ్ లెన్స్‌కు జూమ్ ఉండదు. ఫ్రేమ్ సరిపోకపోతే మనిషే ముందుకో వెనక్కో నడవాలి. కాబట్టి ఏ లెన్స్ పనికొస్తుందో చాలావరకు తేల్చేది వెనకున్న ఖాళీ.

యూట్యూబ్ వీడియో అనుకుందాం. కెమెరా అడ్డంగా ఉంది, మనిషి నడుము నుంచి తల దాకా కనిపించాలి. తల పైన కొంచెం ఖాళీ కూడా కావాలి. ఇలాంటి షాట్‌కు ఒక చిట్కా లెక్క ఉంది. లెన్స్ మీదున్న నంబర్‌ను 4తో భాగిస్తే.. వచ్చేది కెమెరాకు, మనిషికి మధ్య కావాల్సిన దూరం, అడుగుల్లో. 24 ఎంఎంకు 6 అడుగులు. 35కు దాదాపు 9 అడుగులు. 50కి పన్నెండున్నర అడుగులు. తల నుంచి కాళ్ల దాకా రావాలంటే ఇదంతా రెట్టింపు. అంటే 50 ఎంఎంతో 25 అడుగులు వెనక్కి వెళ్లాలి. కెనాన్‌కు ఇంకో అర అడుగు, అడుగు అదనంగా వేసుకోవచ్చు.

ఇప్పుడు మామూలు అపార్ట్‌మెంట్ బెడ్రూమ్‌ను గుర్తు చేసుకోండి. 10 బై 12 అడుగులు. అందులో మనిషి కూర్చునే కుర్చీ, వెనక గోడకు వదిలే ఖాళీ, ట్రైపాడ్, దాని వెనక నిలబడే మనిషి.. ఇవన్నీ కలిపి నాలుగు అడుగులు మింగేస్తాయి. మిగిలేది 8 అడుగులు. 35 ఎంఎం కొంచెం ఇరుకుగా సర్దుకుంటుంది. 24 హాయిగా పడుతుంది. 50 బిగిస్తే ముఖం, భుజాల వరకే వస్తాయి. వంట వీడియోలు చేసేవాళ్లకైతే ఇది ఇంకా తలనొప్పి. వంటింట్లో ఆ మాత్రం దూరం కూడా ఉండదు.

రీల్స్, షార్ట్స్ తీసేవాళ్లకు కొంచెం ఊరట ఉంది. కెమెరాను నిలువుగా తిప్పితే సెన్సార్ పొడుగు వైపు పైకి వస్తుంది కాబట్టి, మనిషి మొత్తం పట్టడానికి 24 ఎంఎంకు దాదాపు 7 అడుగులు, 35కు 10 అడుగులు, 50కి 14 అడుగులు చాలు. డాన్స్ రీల్స్ టెర్రస్ మీద తీసేవాళ్లకు 50తో ఇబ్బంది ఉండదు. హాల్లో తీసేవాళ్లకు ఉంటుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని కెమెరాలు 4కే వీడియోకు మారగానే సెన్సార్‌ను మళ్లీ కత్తిరిస్తాయి. సోనీ జెడ్‌వీ-ఈ10లో 4కే 30 ఫ్రేమ్స్ పెడితే 1.23 రెట్ల క్రాప్ అదనం. అప్పుడు 50 ఎంఎంకు పన్నెండున్నర కాదు, 15 అడుగులు దాటుతుంది. కెనాన్ 200డీ మార్క్ 2లో 4కే క్రాప్ ఇంకా గట్టిగా ఉంటుంది. పైగా అందులో 4కే పెట్టగానే డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ కూడా పనిచేయదు. కెమెరా స్పెసిఫికేషన్లలో ఈ ఒక్క లైను చూడకుండా లెన్స్ ఆర్డర్ పెట్టడం సాహసమే.

మరి 50 ఎప్పుడు కొనాలి?

పెళ్లి మండపం దగ్గర లెక్క తిరగబడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పురోహితుడు, బంధువులు, ఇద్దరు ముగ్గురు వీడియోగ్రాఫర్లు వధూవరుల చుట్టూ గుమిగూడతారు. 35 ఎంఎంతో ముఖాలు నిండుగా రావాలంటే మండపంలోకే దూరాలి. అక్కడ చోటు దొరకదు, దొరికినా పెద్దవాళ్ల చూపులు తప్పవు. 50 ఎంఎంతో మండపం అంచున నిలబడి అదే పని చేయొచ్చు. స్టేజీ ప్రోగ్రాములు, స్కూల్ వార్షికోత్సవాలు, పార్కులో పాపాయి ఫొటోలు.. వీటికీ 50 మంచి ఎంపిక. వెనక్కి వెళ్లే చోటు ఉన్నంతసేపూ దాని ఫొటో అందంగా ఉంటుంది.

ముఖం తీరులోనూ తేడా వస్తుంది. 24 ఎంఎంతో ముఖం ఫ్రేమ్ నిండాలంటే చాలా దగ్గరకు వెళ్లాలి. అంత దగ్గర నుంచి చూస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనిపిస్తాయి. ఈ తేడా దూరం వల్ల వచ్చేది. 50 మనల్ని దూరంగా నిలబెడుతుంది కాబట్టి ముఖం సహజంగా వస్తుంది. 35 ఈ రెండింటికీ మధ్య.

బ్లర్ సంగతి చూద్దాం. ఎఫ్/1.8 దగ్గర 50 ఎంఎం లెన్స్ తెరుచుకునే రంధ్రం దాదాపు 28 మిల్లీమీటర్లు. 35 ఎంఎం ఎఫ్/1.8కు 19 మిల్లీమీటర్లు. 24 ఎంఎం ఎఫ్/2.8కు 9 మిల్లీమీటర్ల లోపే. రంధ్రం ఎంత పెద్దదైతే దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ అంతగా కరిగిపోతుంది. అందుకే రెండు లెన్సుల మీదా 1.8 అని ఉన్నా.. సీరియల్ లైట్లు 50తో పెద్ద పెద్ద గుండ్రాలుగా, 35తో చిన్న గుండ్రాలుగా వస్తాయి.

అయితే బ్లర్ ఎక్కువైనా చిక్కే. 50 ఎంఎంను ఎఫ్/1.8 దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, స్పష్టంగా ఉండే మందం 11, 12 సెంటీమీటర్లు మాత్రమే. పెళ్లికూతురు ముఖం మీద ఫోకస్ పడితే, ఒక జానెడు వెనకున్న పెళ్లికొడుకు మసకబారతాడు. జంట ఫొటోలకు ఎఫ్/2.8 లేదా ఎఫ్/4కు తగ్గించుకోవడమే మేలు. ఆ ఫొటో మళ్లీ తీసే అవకాశం ఉండదు కదా!

వెలుతురు విషయంలో మాత్రం 35, 50 రెండూ సమానమే. ఎఫ్/1.8 అంటే ఎఫ్/1.8. కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 మాత్రమే ఇస్తుంది. దానితో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. అంటే ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట 640తో పనైపోతుంది. మచ్చలు పోయేది ఇక్కడే. ఎఫ్/1.4 లెన్స్ కోసం చాలా ఎక్కువ డబ్బు అడుగుతుంటే గుర్తుంచుకోవాల్సింది ఒకటే.. 1.8 కంటే అది తెచ్చే వెలుతురు 1.65 రెట్లే.

పేరు ఒకటే.. తీరు వేరు

50 అని తేల్చుకున్నాక కూడా పని అయిపోదు. ఒకే కంపెనీలో, ఒకే నంబర్‌తో రెండు మూడు లెన్సులు ఉంటాయి. ఎక్కువమంది చేతులు కాల్చుకునేది ఇక్కడే.

నికాన్‌లో ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8డీ అని ఒకటి, ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం ఎఫ్/1.8జీ అని ఒకటి. చివర్లో ఒక్క అక్షరమే తేడా. 'డీ' చవక, తేలిక.. 155 గ్రాములే. కానీ దాంట్లో ఫోకస్ మోటార్ ఉండదు. కెమెరా బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. డీ90, డీ7000 సిరీస్, డీ500 లాంటి వాటిలో ఆ మోటార్ ఉంది. డీ3000, డీ5000 సిరీస్‌లో లేదు. అంటే డీ3500, డీ5600 ఉన్నవాళ్లు 'డీ' లెన్స్ కొంటే ఆటోఫోకస్ అస్సలు పనిచేయదు. ప్రతి ఫొటోకూ చేత్తో తిప్పుకోవాల్సిందే. 2011లో వచ్చిన 'జీ'లో మోటార్ లోపలే ఉంటుంది. 2009లో వచ్చిన డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీలోనూ అంతే. రేపు నికాన్ జెడ్ మిర్రర్‌లెస్‌కు మారి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టుకున్నా కథ మారదు. ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ ఉంటుంది, 'డీ'కి ఉండదు.

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకు ఈ మోటార్ బాధ లేదు. ఈఎఫ్ లెన్సుల్లో మోటార్ లోపలే ఉంటుంది. అయినా 1990లో వచ్చిన 50 ఎంఎం ఎఫ్/1.8 మార్క్ 2కు, 2015లో వచ్చిన ఎస్‌టీఎం మోడల్‌కు చాలా తేడా. పాతదానికి ప్లాస్టిక్ మౌంట్, అపర్చర్‌లో 5 రేకులు. కాస్త అపర్చర్ తగ్గిస్తే వెనక లైట్లు అయిదు మూలలుగా కనిపిస్తాయి. ఎస్‌టీఎంకు మెటల్ మౌంట్, 7 రేకులు. ఫోకస్ కూడా 45 సెంటీమీటర్ల నుంచి 35 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది. వీడియోకు ఎస్‌టీఎం ఫోకస్ నెమ్మదిగా, మెత్తగా జారుతుంది. పాతది గరగర శబ్దం చేస్తుంది, అది కెమెరా మైక్‌లో పడిపోతుంది. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో "కెనాన్ 50 ఎంఎం 1.8" అని మాత్రమే రాసి ఉంటే, ఏదో అడిగి తెలుసుకోవాలి.

ఇక కెనాన్ ఆర్50, ఆర్10 లాంటి మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకు ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఉంది. ఈఎఫ్ లెన్సులు కూడా అడాప్టర్‌తో వాటికి పడతాయి. తిరగేసి చేయడం మాత్రం కుదరదు. ఆర్ఎఫ్ లెన్స్ పాత డీఎస్ఎల్ఆర్‌కు ఏ రకంగానూ పట్టదు.

కెనాన్ వాళ్లకు ఇంకో మంచి ఎంపిక ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం. ఎందుకో దాని గురించి తక్కువమందే మాట్లాడతారు. బిస్కెట్‌లా పలచగా, 125 గ్రాములే ఉంటుంది. వెలుతురులో 1.8కి సాటిరాదు, కానీ సెన్సార్ నుంచి 16 సెంటీమీటర్ల దూరం వరకు ఫోకస్ చేస్తుంది. మెహందీ, నగలు, ప్లేట్‌లో టిఫిన్ తీసేవాళ్లకు అది 50 ఎంఎం కంటే దగ్గరి బొమ్మ ఇస్తుంది.

సోనీలో తికమక వేరే రకం. ఈ 50 ఎంఎం ఎఫ్/1.8 ఓఎస్ఎస్ క్రాప్ కెమెరాల కోసం తయారైంది, లోపల స్టెబిలైజేషన్ ఉంటుంది. ఎఫ్ఈ 50 ఎంఎం ఎఫ్/1.8 ఫుల్ ఫ్రేమ్‌ది, స్టెబిలైజేషన్ లేదు. 'ఎఫ్ఈ అంటే పెద్ద కెమెరాది, కాబట్టి గొప్పది' అనుకుని చాలామంది రెండోది తీసుకుంటారు. జెడ్‌వీ-ఈ10, ఏ6400 లాంటి బాడీల్లో సెన్సార్ స్టెబిలైజేషన్ లేదు. చేత్తో పట్టుకుని వీడియో తీసేవాళ్లకు ఆ బాడీల మీద ఓఎస్ఎస్ ఉన్న 50 లేదా 35 ఎఫ్/1.8 తీసుకోవడమే తెలివైన పని. ట్రైపాడ్ మీదే తీస్తాం అనేవాళ్లు సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 వైపు చూడొచ్చు. దానికి స్టెబిలైజేషన్ లేదు కానీ గదుల్లో పనికొచ్చే చూపు, ఎక్కువ వెలుతురు ఉన్నాయి.

వీడియో తీసేవాళ్లకు ఎవరూ చెప్పని రెండు ఖర్చులు

మొదటిది వణుకు. కిట్ లెన్సుల్లో ఎక్కువ భాగం స్టెబిలైజేషన్‌తో వస్తాయి. నికాన్ 35, 50.. కెనాన్ 50.. వీటిలో ఆ సౌకర్యం లేదు. నిన్నటిదాకా చేత్తో బాగానే వచ్చిన వీడియో కొత్త లెన్స్‌తో వణుకుతుంది. 50తో మరింత వణుకుతుంది, ఎందుకంటే జూమ్ ఎక్కువైతే చేతి కదలిక కూడా పెద్దదిగా కనిపిస్తుంది. మోనోపాడ్ ఖర్చు లెన్స్ బడ్జెట్‌లోనే కలుపుకోవాలి.

రెండోది ఎన్‌డీ ఫిల్టర్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మిణుకుమనకుండా వీడియో షట్టర్‌ను 1/50 దగ్గర పెడతారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఐఎస్ఓ 100 దగ్గర, 1/50 షట్టర్‌తో ఎఫ్/1.8 తెరిస్తే బొమ్మ దాదాపు 7 స్టాపులు ఎక్కువై తెల్లగా మాడిపోతుంది. బ్లర్ కోసమే లెన్స్ కొని, ఎండలో ఎఫ్/16 పెట్టి తీయడం ఎంత విడ్డూరం! ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే ఆ బాధ ఉండదు. అది లెన్స్ ముందు మర సైజుకు సరిపోవాలి. నికాన్ 35కు 52 ఎంఎం, నికాన్ 50జీకి 58, కెనాన్ ఎస్‌టీఎం 50కి 49, ఆర్ఎఫ్ 50కి 43. రెండు లెన్సులు కొనే ఆలోచన ఉంటే పెద్ద సైజు ఫిల్టర్ ఒకటి, చిన్నదానికి స్టెప్ అప్ రింగ్ ఒకటి తీసుకుంటే సరిపోతుంది.

రేపు ఫుల్ ఫ్రేమ్ కొంటే?

"డీఎక్స్ లెన్స్ ఎందుకు, రేపు పెద్ద కెమెరా కొంటాం కదా" అనే మాట షాపుల్లో తరచూ వినిపిస్తుంది. నికాన్ ఫుల్ ఫ్రేమ్ మీద డీఎక్స్ లెన్స్ పడుతుంది, కెమెరా దానంతట అదే క్రాప్ చేసుకుంటుంది. కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు ఈఎఫ్-ఎస్ లెన్స్ పట్టదు. తేడా నిజమే. కానీ ఎప్పుడో రాబోయే కెమెరా కోసం, ఈరోజు ఇంట్లో పట్టని లెన్స్ కొనడంలో అర్థం లేదు.

సెకండ్ హ్యాండ్ కొంటే టార్చ్ తీసుకెళ్లండి

ఈ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తేమ వల్ల అద్దాల మధ్య ఫంగస్ పట్టే అవకాశం ఎక్కువ. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. అవి ఉంటే ధర ఎంత తగ్గించినా వదిలేయడమే మంచిది. నాలుగు ధూళి రేణువులు ఉంటే కంగారు అక్కర్లేదు, ఫొటోలో అవి కనిపించవు. సొంత కెమెరా తీసుకెళ్లి, బిగించి, దగ్గరికీ దూరానికీ ఆటోఫోకస్ పెట్టి చూశాకే డబ్బులివ్వాలి.

ఇంతా చదివాక కూడా 35, 50 మధ్య తేలకపోతే.. జవాబు ఫోన్‌లోనో, మెమరీ కార్డులోనో ఉంటుంది. కిట్ లెన్స్‌తో తీసిన ఫొటోల వివరాలు తెరిస్తే, ఒక్కో ఫొటో ఎన్ని ఎంఎం దగ్గర తీశారో కనిపిస్తుంది. నచ్చిన ఓ వంద ఫొటోలు చూస్తే చాలు. ఆ తర్వాత ఒక ఆదివారం జూమ్ రింగ్‌ను 35 దగ్గర పెట్టి, కదలకుండా టేప్ అంటించి, రోజంతా దాంతోనే తీయాలి. తర్వాతి ఆదివారం 50 దగ్గర అంటించాలి. బ్లర్ రాదు, వెలుతురు పెరగదు, కానీ ఏ నంబర్ దగ్గర వీపు గోడకు తగులుతోందో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. ఫొటోల్లో ఎక్కువ భాగం 18 నుంచి 24 మధ్యే ఉంటే మాత్రం.. ఈ రెండు లెన్సులూ పక్కన పెట్టి, 24 వైపు చూడాల్సిందే.